అధ్యక్షుడికి 17... గురువుకి 16!

అమెరికాలోని ఓ విశ్వవిద్యాలయంలో కరాటే క్లబ్బు ఉండేది. 1970లో వేన్‌ జకారీ అనే పరిశోధకుడు దాన్ని గమనించడం మొదలుపెట్టాడు. తన్నులూ గుద్దులూ కాదు ఆయనకు కావలసింది. తరగతి అయ్యాక ఎవరు ఎవరితో కబుర్లు చెబుతున్నారు, ఎవరు ఎవరితో కలిసి బయటికెళ్తున్నారు... అదీ ఆయన ఆసక్తి. అలా మూడేళ్లపాటు చూస్తూ కూర్చున్నాడు.

చూస్తుండగానే క్లబ్బులో గొడవ మొదలైంది. కారణం చాలా చిన్నది... ఫీజు! నేర్పే గురువేమో పాఠాల రుసుము పెంచాలన్నాడు. క్లబ్బు అధ్యక్షుడు కుదరదన్నాడు. మాటామాటా పెరిగింది. సమావేశాలు యుద్ధాలయ్యాయి. చివరికి గురువును తీసేశారు. ఆయన్ను అభిమానించేవాళ్లు రాజీనామా చేసి బయటికొచ్చి వేరు కుంపటి పెట్టుకున్నారు. ఒక క్లబ్బు రెండయింది.

ఊళ్లో భజన మండలి దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్‌ సంఘం దాకా ఎక్కడైనా జరిగే భాగోతమే కదా ఇది! కానీ జకారీ దగ్గర ఓ జాబితా ఉంది. 34 మంది పేర్లూ, వాళ్ల మధ్య క్లబ్బు బయట కూడా సాగిన 78 స్నేహాలూ అందులో ఉన్నాయి. 1977లో ఆయన దాన్ని అచ్చువేశాడు. అసలు పేర్లు దాచిపెట్టి గురువుకు ‘మిస్టర్‌ హై’ అనీ, అధ్యక్షుడికి ‘జాన్‌ ఎ’ అనీ మారుపేర్లు పెట్టాడు. మిగతావాళ్లు ఉత్త నంబర్లు. నెట్‌వర్క్‌ల శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ ఆ జాబితాతోనే అక్షరాభ్యాసం చేస్తాడు. సదస్సుల్లో ఈ క్లబ్బును అందరికన్నా ముందు ఉదాహరణగా వాడినవారికి సరదాగా ఓ ట్రోఫీ అందించే సంప్రదాయం కూడా 2013లో మొదలైంది.

ఇంతకీ ఆ జాబితాలో ఏముంది? క్లబ్బు ఎందుకు అలా నిలువునా చీలిందో చెప్పే ఆనవాలు ఏమైనా ఉందా? ఉందనే అంటారు లెక్కలు తెలిసినవాళ్లు. ఆ ఆనవాలు ఒకే ఒక్క అంకె... మైనస్‌ 0.476.

చుక్కలూ గీతలూ

సంక్రాంతి ముగ్గు గుర్తుచేసుకోండి. ముందు చుక్కలు పెడతారు. తర్వాత చుక్కకీ చుక్కకీ మధ్య గీతలు కలుపుతారు. నెట్‌వర్క్‌ అంటే అంతే. మనుషులు చుక్కలైతే స్నేహాలు గీతలు. ఊళ్లు చుక్కలైతే రోడ్లు గీతలు. కంప్యూటర్లు చుక్కలైతే వాటిని కలిపే తీగలు గీతలు.

ఒక చుక్క నుంచి ఎన్ని గీతలు బయల్దేరితే అది ఆ చుక్క ‘డిగ్రీ’. ఇది కాలేజీ ఇచ్చే డిగ్రీ కాదు, జ్వరం కొలిచే డిగ్రీ అసలే కాదు. ఎంతమందితో నేరుగా సంబంధం ఉందో చెప్పే లెక్క... అంతే. కరాటే క్లబ్బులో అధ్యక్షుడి డిగ్రీ 17. గురువుది 16. ఆ తర్వాతి స్థానం 12 మంది స్నేహితులున్న 33వ నంబరుది. అట్టడుగున 12వ నంబరు ఉన్నాడు. పాపం, అతనికి ఒక్కడే నేస్తం. ఆ ఒక్కడూ ఎవరో కాదు... గురువు!

ఎవరికెంతమంది ఉన్నారన్నది తెలిసింది. కానీ అసలు ప్రశ్న అది కాదు. ఎక్కువమంది స్నేహితులున్నవాళ్లు ఎవరితో స్నేహం చేస్తున్నారు? తమలాంటి పెద్ద తలకాయలతోనా... లేక ఒకరిద్దరు తప్ప ఎవరూ లేని చిన్నవాళ్లతోనా? అంటే గీతకు ఈ చివర ఉన్న డిగ్రీకీ ఆ చివర ఉన్న డిగ్రీకీ ఏమైనా పొత్తు ఉందా అన్నమాట.

క్లబ్బులో సరిగ్గా ఇద్దరేసి స్నేహితులున్నవాళ్లు 11 మంది. వాళ్లలో పదిమందికి గురువో అధ్యక్షుడో, ఎవరో ఒకరు నేస్తం. అందులోనూ అయిదుగురికైతే ఉన్న ఆ ఇద్దరు నేస్తాలూ అచ్చంగా వాళ్లే... అధ్యక్షుడూ, 33వ నంబరూ. ఈ 11 మందిలో ఒక్కొక్కరి స్నేహితులకు సగటున ఎంతమంది స్నేహితులున్నారో లెక్కేస్తే పన్నెండుకు పైనే తేలుతుంది. మరి అధ్యక్షుడి 17 మంది నేస్తాలకో? సగటున నలుగురు కూడా లేరు. గురువు నేస్తాలకు కాస్త అటూఇటూగా నలుగురు. చిన్నవాళ్ల చూపంతా పెద్దవాళ్ల మీదే. పెద్దవాళ్ల చుట్టూ ఉన్నది చిన్నవాళ్లే.

మరి గురువుకీ అధ్యక్షుడికీ మధ్య? గీత లేదు! క్లబ్బు మొత్తంలో అందరికన్నా ఎక్కువమంది తెలిసిన ఆ ఇద్దరూ క్లబ్బు బయట ఒకరితో ఒకరు కలిసేవాళ్లు కాదు.

కాగితం మీద చేసి చూస్తే...

ఈ ‘పొత్తు’ను ఒకే అంకెలో చెప్పే పద్ధతిని 2002లో భౌతికశాస్త్రవేత్త మార్క్‌ న్యూమన్‌ అందరికీ తెలిసేలా చేశాడు. దానికి అసార్టటివిటీ అని పేరు. పేరు నోరు తిరగదుగానీ లెక్క మాత్రం ఇంటర్‌ విద్యార్థికి అందేదే. స్టాటిస్టిక్స్‌ పుస్తకంలో కార్ల్‌ పియర్సన్‌ పేరుతో కనిపించే సహసంబంధ గుణకమే ఇది. ఎత్తుకీ బరువుకీ మధ్య పొత్తు చూసే ఆ సూత్రాన్ని ఇక్కడ గీత రెండు చివర్ల మీద ప్రయోగిస్తారు. అంతే తేడా.

ఓ వీధిలో వరసగా నాలుగిళ్లు ఉన్నాయనుకోండి. సీతమ్మ, రంగయ్య, లక్ష్మి, ఖాదర్‌. పక్కింటివాళ్లతో తప్ప ఎవరూ ఎవరితో మాట్లాడరు. చివరిళ్లవాళ్లయిన సీతమ్మకూ ఖాదర్‌కూ ఒక్కో స్నేహం. మధ్యనున్న రంగయ్యకూ లక్ష్మికీ రెండేసి. గీతలు మొత్తం మూడు.

ఇప్పుడు కాగితం మీద రెండు నిలువు వరసలు గీయండి. ఒక్కో గీతనూ తీసుకుని ఈ చివర డిగ్రీ ఎడమ వైపునా, ఆ చివర డిగ్రీ కుడి వైపునా రాయండి. తర్వాత అదే గీతను తిరగేసి మరోసారి రాయండి. సీతమ్మ-రంగయ్య గీతకు 1, 2. తిరగేస్తే 2, 1. రంగయ్య-లక్ష్మి గీతకు 2, 2... మళ్లీ 2, 2. లక్ష్మి-ఖాదర్‌ గీతకు 2, 1. తిరగేస్తే 1, 2. మూడు గీతలకు ఆరు అడ్డువరసలొచ్చాయి.

ఎడమ వరసలోని అంకెలన్నీ కూడితే 10. ఆరుతో భాగిస్తే సగటు 1.67. కుడి వరసకూ అంతే వస్తుంది. ఇక ఒక్కో అడ్డువరసలోని రెండంకెల్నీ గుణించి ఆ లబ్ధాలన్నిటినీ కూడితే 16. దాని సగటు 2.67. ఎడమ వరసలోని అంకెల వర్గాలను కూడితే 18. దాని సగటు 3. సగటును సగటుతో గుణిస్తే 2.78.

ఆఖరి మెట్టు. లబ్ధాల సగటులోంచి 2.78 తీసేస్తే మైనస్‌ 0.11. వర్గాల సగటులోంచి 2.78 తీసేస్తే 0.22. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. జవాబు... మైనస్‌ 0.5!

ఈ అంకె ఎప్పుడూ మైనస్‌ 1కీ ప్లస్‌ 1కీ మధ్యే తిరుగుతుంది. డిగ్రీ ఎక్కువున్నవాళ్లు ఎక్కువున్నవాళ్లతోనూ, తక్కువున్నవాళ్లు తక్కువున్నవాళ్లతోనూ జతకడితే ప్లస్‌ వైపు జరుగుతుంది. పెద్దలు చిన్నలతో కలిస్తే మైనస్‌ వైపు. ఏ పొత్తూ లేకపోతే సున్నా దగ్గర ఆగుతుంది. ఊరందరికీ ఒకే కిరాణా కొట్టు ఉండి, కొట్టువాడు తప్ప ఎవరికీ మరొకరు తెలియకపోతే కచ్చితంగా మైనస్‌ 1. ఒకచోట ఇద్దరే ఉన్న జట్టు, మరోచోట ముగ్గురికి ముగ్గురూ స్నేహితులైన జట్టు ఉండి, ఈ రెంటికీ సంబంధం లేకపోతే కచ్చితంగా ప్లస్‌ 1. మరి అందరి డిగ్రీ ఒకటే అయితే? భాగించాల్సిన చోట సున్నా వస్తుంది. సూత్రం చేతులెత్తేస్తుంది. ఎక్కువ తక్కువలే లేని చోట పొత్తు గురించి అడగడంలో అర్థం లేదు కదా!

అన్నట్టు, ప్రతి గీతనూ రెండుసార్లు ఎందుకు రాయాలి? ఒకసారి చాలదా? చాలదు. పైన చెప్పిన వీధినే తీసుకోండి. ఎప్పుడూ చిన్నంకె ముందు రాసే అలవాటున్నవాళ్లు 1, 2... 2, 2... 1, 2 అని రాసుకుంటారు. కుడి వరసలో అన్నీ రెళ్లే! ఆ వరసలో హెచ్చుతగ్గులే లేవు కాబట్టి జవాబే రాదు. స్నేహంలో ముందెవరు, వెనకెవరు అన్నది ఉండదు. లెక్కలోనూ ఉండకూడదు. కొత్తగా ప్రోగ్రాములు రాసేవాళ్లు తరచూ కాలు జారేది సరిగ్గా ఇక్కడే.

34 మందికీ 78 గీతలకూ ఇదే పని చేస్తే 156 అడ్డువరసలొస్తాయి. ఓపికుంటే చేత్తో చేయొచ్చు. లేదంటే పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఉంది. కరాటే క్లబ్బు జాబితా అందులో సిద్ధంగానే ఉంటుంది. ఒక్క వాక్యం రాస్తే చాలు... మైనస్‌ 0.476 అని బదులిస్తుంది.

మనుషులది ఓ దారి... మరలది మరో దారి

న్యూమన్‌ ఈ కొలబద్ద పట్టుకుని దొరికిన నెట్‌వర్క్‌నల్లా కొలుచుకుంటూ పోయాడు. కలిసి పరిశోధన పత్రాలు రాసిన భౌతికశాస్త్రవేత్తల మధ్య పొత్తు 0.363. కంపెనీల డైరెక్టర్ల మధ్య 0.276. కలిసి నటించిన సినిమా తారల మధ్య 0.208. అన్నీ ప్లస్సే. పెద్దలు పెద్దలతోనే!

ఇక మనుషులు కానివాటి సంగతి చూడండి. ఇంటర్నెట్‌ తీగల అల్లిక మైనస్‌ 0.189. కణంలో ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే ప్రొటీన్ల అల్లిక మైనస్‌ 0.156. ఓ చిన్న పురుగు మెదడులోని నాడుల అల్లిక మైనస్‌ 0.163. అన్నీ మైనస్సే. ఇంటర్నెట్‌ విషయం తేలిగ్గానే అర్థమవుతుంది. చిన్న సంస్థలు తమలాంటి చిన్న సంస్థకు తీగ లాగి ఏం బావుకుంటాయి? నేరుగా పెద్ద సంస్థకే లాగుతాయి. పల్లె బస్సులన్నీ జంక్షన్‌కు చేరినట్టు.

మనుషుల నెట్‌వర్క్‌లు ప్లస్‌, మిగతావి మైనస్‌... ఎంత చక్కని సిద్ధాంతం! కానీ చక్కగా ఉన్న ప్రతిదాన్నీ ఒకటికి రెండుసార్లు తట్టి చూడాలి. సినిమా తారల సంగతే తీసుకోండి. ఒకే సినిమాలో నటించినవాళ్లందరి మధ్యా గీత గీస్తారు. పెళ్లి పందిరి, పేరంటాళ్లు, బామ్మలు, బావమరుదులు అంటూ 40 మందితో తీసిన సినిమా ఉందనుకోండి. అందులో మెరిసి మాయమైన బావమరిదికి కూడా ఆ ఒక్క సినిమాతోనే 39 గీతలొచ్చేస్తాయి. మిగతా 39 మందికీ అంతే. అయిదుగురితో తీసిన సినిమాలోనివాళ్లకేమో తలా నాలుగే. ఇంకేముంది... ఎక్కువ గీతలవాళ్లు ఎక్కువ గీతలవాళ్లతో, తక్కువవాళ్లు తక్కువవాళ్లతో తమంతట తామే జతపడిపోయారు. ఇందులో ‘పెద్దలు పెద్దల్ని వెతుక్కోవడం’ ఏమీ లేదు. జట్ల సైజులో తేడా అంతే. న్యూమన్‌, జుయాంగ్‌ పార్క్‌ కలిసి 2003లో ఈ మాటే చెప్పారు. మనుషులు జట్లుగా బతుకుతారు, ఆ జట్లు చిన్నాపెద్దా ఉంటాయి, ప్లస్‌ అంకెలో చాలా భాగానికి కారణం అదే అని.

మైనస్‌లోనూ అలాంటి కిటుకే ఉంది. ఇద్దరి మధ్య ఒక్క గీతే గీయాలన్నది నియమం. పెద్ద తలకాయలు ముగ్గురే ఉన్నచోట వాళ్ల మధ్య మహా అయితే మూడు గీతలు పడతాయి. వాళ్లకున్న మిగతా పదుల గీతలు ఎక్కడికి పోవాలి? చిన్నవాళ్ల దగ్గరికే! మనుషులైనా సరే, ఒకరిద్దరి చుట్టూ తిరిగే చిన్న బృందమైతే మైనస్‌లోకి జారిపోతుంది. కరాటే క్లబ్బుకు జరిగిందీ ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. కోట్ల చుక్కలుండి, వాటిలో కొన్నింటికి మాత్రం లెక్కలేనన్ని గీతలున్న నెట్‌వర్క్‌లలో ఆ కొద్దిమంది బాహుబలులే సగటునంతా లాగేస్తారు. ఉన్న పొత్తు కూడా సున్నాలా కనిపిస్తుంది. అలాంటిచోట డిగ్రీలను కాకుండా ర్యాంకులను వేసుకుని లెక్కకట్టడం మేలని నెల్లీ లిట్వాక్‌, రెమ్‌కో వాన్‌ డెర్‌ హోఫ్‌స్టాడ్‌ 2013లో చూపించారు. పరీక్షలో ఎన్ని మార్కులన్నది వదిలేసి ఎన్నో ర్యాంకన్నది చూడటం లాంటిదన్నమాట.

మీ నేస్తానికే నేస్తాలెక్కువ

నాలుగిళ్ల వీధి లెక్కలో ఒక వింత దాక్కునుంది, గమనించారా? ఆ వీధిలో ఒక్కొక్కరికి ఉన్న స్నేహితుల సగటు... 1, 2, 2, 1 కలిపితే ఆరు, నలుగురికి పంచితే 1.5. కానీ గీతల చివర్ల నుంచి లెక్కించిన సగటు 1.67. అంటే మనిషికున్న స్నేహితుల కన్నా, ఆ స్నేహితులకున్న స్నేహితులు ఎక్కువ!

కరాటే క్లబ్బులో ఈ తేడా ఇంకా పెద్దది. సభ్యుడికి సగటున 4.6 స్నేహాలు. గీతల మీదుగా వెళ్లి అవతలివాళ్లకెన్ని ఉన్నాయో లెక్కిస్తే 7.8. అమెరికా సామాజికశాస్త్రవేత్త స్కాట్‌ ఫెల్డ్‌ 1991లో ఈ వింతను లోకానికి చూపించాడు. కారణం సులువే. ఒక్క స్నేహితుడే ఉన్న 12వ నంబరు ఈ లెక్కలో ఒక్కసారే కనిపిస్తాడు. 17 మంది ఉన్న అధ్యక్షుడు 17 సార్లు కనిపిస్తాడు. నలుగురికీ తెలిసినవాడే నలుగురి జాబితాల్లోనూ ఉంటాడు కదా!

2011లో ఫేస్‌బుక్‌లోని 72 కోట్ల మందిని ఇలాగే లెక్కించారు. మనిషికి సగటున 190 మంది స్నేహితులుంటే, ఆ స్నేహితులకు సగటున 635 మంది! అక్కడ పొత్తు అంకె 0.226. అంటే ప్లస్సే. ‘అందరికీ అంతమంది ఉన్నారు, నాకే ఎవరూ లేరు’ అని ఫోను చూసుకుని చిన్నబోయే కుర్రకారుకు చెప్పాల్సిన మాట ఇది. లోపం వాళ్లలో లేదు. లెక్కే అలా ఉంటుంది.

టీకా ఎవరికి ముందు?

సరదా లెక్కలా కనిపించే ఇది ప్రాణాల మీదికొచ్చినప్పుడు పనికొస్తుంది. ఓ ఊరికి జబ్బు వచ్చింది. టీకాలు కొన్నే ఉన్నాయి. పదిమందితో తిరిగేవాళ్లకు ముందు వేయాలి. కానీ ఎవరు పదిమందితో తిరుగుతారో ఎలా తెలుస్తుంది? ఊరంతటి స్నేహాల పటం ఎవరి దగ్గరుంటుంది?

దీనికి ర్యూవెన్‌ కోహెన్‌, ష్లోమో హావ్లిన్‌, డేనియల్‌ బెన్‌ అవ్రహమ్‌ 2003లో ఓ చిట్కా చెప్పారు. ఎవరో ఒకర్ని చీటీ తీసినట్టు ఎంచుకోండి. టీకా ఆ మనిషికి వేయకండి. ‘మీకు తెలిసినవాళ్లలో ఒకరి పేరు చెప్పండి’ అని అడిగి ఆ రెండో మనిషికి వేయండి! పటం అక్కర్లేదు, లెక్కలక్కర్లేదు. గీత పట్టుకుని ఒక్క అడుగు వేస్తే చాలు, ఎక్కువమందితో కలిసేవాళ్ల దగ్గరికి చేరే అవకాశం పెరుగుతుంది.

2009లో స్వైన్‌ఫ్లూ వచ్చినప్పుడు హార్వర్డ్‌లో నికోలస్‌ క్రిస్టాకిస్‌, జేమ్స్‌ ఫౌలర్‌ ఇదే సూత్రాన్ని పరీక్షించారు. చీటీ తీసినట్టు ఎంచుకున్న 319 మంది విద్యార్థులు ఒక జట్టు. వాళ్లు స్నేహితులుగా పేర్లు చెప్పిన 425 మంది మరో జట్టు. ఫ్లూ ఏ జట్టుకు ముందొచ్చింది? రెండో జట్టుకే... సుమారు రెండు వారాలు ముందు! ఆస్పత్రులు సిద్ధం కావడానికి రెండు వారాలంటే మాటలు కాదు.

మరి ఇందులో ప్లస్‌, మైనస్‌ల పాత్ర ఏమిటి? చాలా ఉంది. పెద్దలు పెద్దలతోనే కలిసే ప్లస్‌ నెట్‌వర్క్‌లో జబ్బుకు ఓ స్థావరం దొరుకుతుంది. బాగా తిరిగేవాళ్ల గుంపులోనే అది ఒకరి నుంచి మరొకరికి చుట్టూ తిరుగుతూ చావకుండా ఉంటుంది. ఆ గుంపులో కొందరికి టీకా వేసినా పక్కదారులు మిగిలే ఉంటాయి. అదే మైనస్‌ నెట్‌వర్క్‌లో పెద్దలు ఒకరికొకరు దూరంగా, చిన్నవాళ్ల మధ్య చెదిరి ఉంటారు. వాళ్లను కాపాడితే దారులన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. జబ్బు విషయంలో ఇది మంచి కబురే. కానీ ఇంటర్నెట్‌కో, బృందానికో ఇదే శాపం. నాలుగైదు కూడళ్లు పోతే మొత్తం ముక్కలైపోతుంది. ఒకే అంకె... ఒకచోట వరం, మరోచోట గండం.

మన దేశంలోనూ ఇలాంటి వెతుకులాట జరిగింది. కబురు ఎవరి చెవిన వేస్తే ఊరంతా పాకుతుందో తెలుసుకోవడానికి అభిజిత్‌ బెనర్జీ, ఎస్తేర్‌ డఫ్లోల బృందం కర్ణాటకలోని 213 గ్రామాల్లో ప్రయోగం చేసింది. పటాలు గీయడం, లెక్కలు కట్టడం ఇవేవీ లేకుండా ఊరివాళ్లనే అడిగారు... కబురు చేరవేయాలంటే ఎవరికి చెప్పాలని. వాళ్లు చూపిన మనుషులకు చెబితే కబురు ఊరిపెద్దలకు చెప్పినప్పటికన్నా ఎక్కువ దూరం వెళ్లింది. రచ్చబండ దగ్గర కూర్చునే మనిషికి గ్రాఫ్‌ సిద్ధాంతం తెలియకపోవచ్చు. ఎవరి నోట్లో మాట నానదో మాత్రం తెలుసు!

తొమ్మిదో నంబరు కథ

మళ్లీ కరాటే క్లబ్బుకు వద్దాం. గురువుకు 16 మంది, అధ్యక్షుడికి 17 మంది. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవాళ్లు ఎందరు? నలుగురంటే నలుగురు. జాబితాలో 9, 14, 20, 32 నంబర్లవాళ్లు. ఇద్దరు పెద్దలూ ముఖాలు చూసుకోని క్లబ్బులో ఒకరి మనసు మరొకరికి చెప్పగలిగింది ముఖ్యంగా ఈ నలుగురే. గొడవ ముదిరేకొద్దీ ఇలాంటివాళ్ల బతుకు రెండు ఒరల మధ్య కత్తే. ఏ మాట మాట్లాడినా ఎవరో ఒకరికి కోపం.

జకారీ స్నేహాలను లెక్కపెట్టి ఊరుకోలేదు. ఒక్కో స్నేహం ఎంత బలమైందో కూడా రాసుకున్నాడు. గొట్టాల్లో నీళ్లలాగా స్నేహాల గుండా కబుర్లు పారతాయనుకుంటే, గురువుకీ అధ్యక్షుడికీ మధ్య గొట్టాలు ఎక్కడ ఇరుకవుతాయో చూశాడు. క్లబ్బు చీలేది అక్కడే అన్నాడు. ఆ ప్రకారం ఎవరు ఏ పక్షానికి వెళ్తారో లెక్కకట్టాడు. 34 మందిలో 33 మంది విషయంలో లెక్క అక్షరాలా నిజమైంది!

తప్పింది ఒక్కరి విషయంలో. తొమ్మిదో నంబరు. అతనికి అయిదుగురు స్నేహితులు. ఆ గీతల బరువును బట్టి చూస్తే అధ్యక్షుడి పక్షానికే వెళ్లాలి. కానీ అతను గురువు వెంట నడిచాడు. ఎందుకో తెలుసా? మరో మూడు వారాల్లో అతనికి బ్లాక్‌బెల్టు పరీక్ష ఉంది! ఏళ్ల తరబడి ఒళ్లు హూనం చేసుకుని అక్కడిదాకా వచ్చాక గురువును వదులుకుంటే మళ్లీ మొదటికే. స్నేహం ఒకవైపు లాగింది... నడుముకు కట్టుకోబోయే బెల్టు మరోవైపు లాగింది. బెల్టే గెలిచింది.

చుక్కలకూ గీతలకూ చాలా సంగతులు తెలుసు. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో చెబుతాయి. ఎక్కడ తెగుతుందో చెబుతాయి. ఇద్దరు పెద్దలు మాట్లాడుకోని సంఘంలో మధ్యవాళ్లు ఎంతమంది మిగిలారో ముందే లెక్కపెట్టి చూపిస్తాయి. ఆ లెక్క సకాలంలో చూసుకుంటే కొన్ని కుంపట్లు వేరు పడకుండా ఆపుకోవచ్చునేమో కూడా. కానీ ఓ చుక్క గుండెలో ఏ పరీక్ష తేదీ రాసుందో మాత్రం ఏ గీతకూ తెలియదు.

ఈసారి మీ కాలనీ సంఘంలోనో, ఆఫీసులోనో ఫీజు దగ్గరో పదవి దగ్గరో మాటామాటా పెరిగినప్పుడు ఓ కాగితం తీసుకుని చుక్కలు పెట్టి గీతలు గీసి చూడండి. పెద్దల మధ్య గీత ఉందా? లేకపోతే ఇద్దరితోనూ మాట్లాడే ఆ నలుగురు ఎవరు? కోర్టుల దాకా వెళ్లకముందే కాఫీకి పిలవాల్సింది వాళ్లనే!